తుప్పును కప్పవలదు

తాండూరులో రైలుపట్టాలకు ఆవలనున్న ఒక రేకుల షెడ్డులో, మొన్నటి వానకాలము వెళ్లిన పిమ్మట ఒకనాటి ఉదయమున, మా యింటి పాత బండి తలుపు అడుగుభాగముపై ఒక వృద్ధుడైన మేస్త్రీ చిన్న అయస్కాంతపు బిళ్లను ఆనించి చేయి తీసెను. అది నిలువలేదు, జారి నేలపడినది. తలుపు ఇనుపరేకుదే గదా, అయస్కాంతమేల అంటలేదని నేను అడుగబోవునంతలో ఆయన ఉలితో ఒక దెబ్బ వేయగా, రంగుతోకూడ పెంకువలె విరిగి ఊడినది ఇనుము కాదు, అర్ధాంగుళము మందమున పట్టించి రుద్దిన పుట్టీ. దాని వెనుక రేకు అనదగినది మిగిలియుండలేదు. గోధుమవన్నె పొడి గుప్పెడు మాత్రము రాలినది. "సార్, లోపట జంగు అంత అట్లనే ఉంది. మీదికెళ్లి పుట్టీ గొట్టిండ్రు. ఇన్ని వానలు ఆగుడే ఎక్కువ" అని ఆయన చెప్పెను.

నాలుగేండ్ల క్రిందట వేరొక ఊరిలో, వేరొక షెడ్డులో ఈ తలుపునే బాగుచేసితిమని చెప్పి రొక్కము పుచ్చుకొన్నారు. రంగు అద్దమువలె మెరయుచుండగా చూచి సంతోషించి నేను బండిని ఇంటికి తెచ్చుకొంటిని. ఆ నాలుగేండ్లును ఆ మెరుపు వెనుక ఇనుము తినబడుచునే యున్నది. ఇది నా బండి యొక్కదాని కథయే యైనచో పత్రికకు ఎక్కింపదగిన సంగతి కాదు. వికారాబాదు, పరిగి, కొడంగల్లు, తాండూరు దారులలో బరువులు మోయుచున్న పాత పికప్పులను, చిన్న ట్రక్కులను బాగుచేయునపుడు, తుప్పును తొలగించుటకు బదులు దానిని కనబడకుండ మూసివేయుటయే మరమ్మతు అను వాడుక స్థిరపడిపోయినది. ఈ వాడుక పోవలెనని, దానిని పోగొట్టుట బండి యజమానులమైన మన చేతిలోనే చాలవరకు కలదని నా నిశ్చితాభిప్రాయము.

మా బండి జహీరాబాదులో పుట్టినది. వికారాబాదు నుండి బీదరు వైపు చీలిపోవు రైలుమార్గములో వచ్చు ఆ పట్టణమున, 1980ల దశకములో, హైదరాబాదు ఆల్విన్ సంస్థవారు జపానుదేశపు నిస్సాన్‌తో కలిసి కాబ్‌స్టార్ అను తేలిక ట్రక్కును తయారుచేసిరి. నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధి తోడ్పాటుతో 1942లో వెలసి, బస్సుల బాడీలును, ఇనుప బీరువాలును, ఫ్రిజ్జులును, చేతిగడియారములును చేసి తెలుగువారి యిండ్లలో తన పేరు పాదుకొలిపిన సంస్థ అది. అదే దశకమున దేశములో జపాను వారి పొత్తుతో వెలువడిన తేలిక ట్రక్కులు నాలుగు: డి.సి.ఎం. టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. వీనిలో తెలుగునేలపై తయారైనది ఈ కడపటిదొక్కటే. 1989లో అది మహీంద్రావారి చేతికి పోయినది, పేరు మారినది, క్రమముగా ఆ పేరును మాసిపోయినది. జహీరాబాదు కర్మాగారము మాత్రము మహీంద్రా సంస్థ క్రిందనే నేటికిని నడచుచున్నది. తాండూరు గంజుకు కందిబస్తాలను, గనులనుండి బండలను, ఎప్పుడైన పెండ్లివారిని సైతము మోసిన ఆ బండికి నేడు క్రొత్త తలుపు కొందమన్నను, మడ్‌గార్డు కొందమన్నను, నేను విచారించిన యే దుకాణమునను దొరకలేదు. కావున ఉన్న రేకును దక్కించుకొనుట తప్ప వేరు మార్గము లేదు. తుప్పును గూర్చి నేను శ్రద్ధగా తెలిసికొన మొదలిడినది ఈ యగత్యము చేతనే.

ఒకటి సంతోషింపదగిన విషయము. కాకినాడలోను మచిలీపట్టణములోను వలె మనకు ఉప్పుగాలి లేదు; దక్కను పీఠభూమిపై సంవత్సరములో అధికభాగము గాలి పొడిగా నుండును; అందుచేతనే తీరమునందు ఎన్నడో శిథిలమై పోవలసిన పాత బండ్లు మన యొద్ద ఇంకను చక్రములమీద నిలిచియున్నవి. కాని ఈ ప్రాంతపు బండ్లకు తమవైన శత్రువులు కలవు. తాండూరు నాపరాయిని, నీలిదియైనను పసుపుపచ్చనిదియైనను, నీటిధార పెట్టి రంపములతో కోయుదురు. నీరు కారుచుండగనే పలకలను బండి తొట్టిలో నిలువుగా పేర్చుదురు. వాని అంచులు తొట్టి రేకుపై రంగును గీరివేయును. బండ పొడియు, సిమెంటు కార్ఖానాల దారుల దుమ్మును, చెలకల రేగడిమన్నును కలిసి బురదయై ఫుట్‌బోర్డు మడతలలోను, మడ్‌గార్డు లోపలి పెదవియందును, తలుపు అడుగంచునను పేరుకొనును. ఈ సున్నపురాయి పొడి క్షారగుణము కలది, క్షారము ఇనుమునకు మేలుచేయునది గాని కీడు చేయునది కాదు గదా యని చదువుకొన్నవారు అడుగుదురు. నిజమే, సిమెంటులో కూరుకొనిన కడ్డీలు అందుచేతనే తుప్పుపట్టక నిలుచును. కాని మడతలో చేరిన పొడి ఇనుమును ఎడము లేక కప్పునది కాదు, తడిసిన గుడ్డవలె నీటిని పట్టియుంచునది. దాని క్షారము ఇనుమును కాచుటకు చాలదు, తేమ మాత్రము మిగులును.

ఆ తేమ చేయు పనిని ఎరిగినచో పుట్టీ యేల పనికిరాదో దానంతట అదియే తెలియును. 1920ల ప్రాంతమున కేంబ్రిడ్జిలో యులిక్ ఇవాన్స్ అను రసాయన శాస్త్రవేత్త శుభ్రమైన ఇనుపపలకపై ఒక్క ఉప్పునీటి చుక్కను ఉంచి జరుగునది చూపెను. చుక్క అంచున గాలి ధారాళముగా అందును, నడుమ అందదు. మనము అనుకొనునట్లు గాలి తగులుచున్న అంచు చెడక, గాలి అందని నడిమిభాగమే కరగి గుంటపడును. రెంటి నడుమ తుప్పు వలయముగా పేరుకొనును. ఒక్క చుక్కలోనే చిన్న విద్యుత్ఘటమొకటి పుట్టి, ఇనుము ఒకచోట సమసి మరియొకచోట తుప్పుగా తేలుచున్నదన్నమాట. కావున బురద క్రింద, రబ్బరుపట్టీ క్రింద, పుట్టీ క్రింద, ఎచ్చట తేమ చేరి గాలి ఆడదో అచ్చటనే రేకు త్వరగా పోవును. అదిగాక, తుప్పు తాను పుట్టిన ఇనుముకన్న అనేక రెట్లు ఉబ్బునది. ఆ ఉబ్బుతో పైనున్న రంగును లేవనెత్తును. లేచిన రంగు చాటున మరికొంత నీరు చేరును. రేకు మందమెంత? ఒక మిల్లీమీటరు, ఇంచుమించు. ఇంత పలుచని దేహమున వ్యాధిని లోపల ఉంచి పైన లేపనము పూయుట చికిత్స యగునా?

పుట్టీని నేను దూషించుటలేదు. శుభ్రముచేసిన గట్టిరేకుపై సుత్తి సవరింపలేని పల్లములను పూడ్చుటకు రెండుమూడు మిల్లీమీటర్ల మేర దానిని వాడుట తగును. దానిలో సుద్దవంటి మెత్తని పొడి అధికముగా నుండుటచేత అది తేమను పీల్చును. రంధ్రములను మూయుటకును, లేని రేకుకు మారుగా నిలుచుటకును అది పుట్టినది కాదు. ఈ సంగతి షెడ్డులలోని పనివారికి తెలియదని యెవరైన తలచినచో పొరపాటు. "రేకు కోసి పెట్టాల్నంటె నాలుగు దినాలు పడ్తది సార్. పుట్టీ గొడితె రేపు మాపటికి బండి రోడ్డు మీదుంటది. ఓనరు పుట్టీకె పైసలిస్తడు" అని మేస్త్రీ చెప్పిన మాటలో సత్యము సంపూర్ణముగ నున్నది. ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనమునకు ఏటేటా ఫిట్‌నెస్ పత్రము కావలెను. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందర బండిని నిలుపవలసిన తేదీ దగ్గరపడిన పిమ్మటగాని యజమానికి రేకు జ్ఞప్తికి రాదు. వచ్చినపుడు ఆయన కోరునది ఆ దినమునకు బండి చూడముచ్చటగ నుండుట. పనిని ఇన్ని దినములని కొలిచి కూలి యిచ్చు ఆచారము మనలో లేదు. పైకి కనబడు రంగును చూచి గుత్తకు ఇత్తుము. గుత్తకు దొరకునది రంగే.

ఇక, తొలగించుట యెట్లన్న విషయము. మా బండిపై దాదాపు మూడు వారములు సాగిన ఆ పనిని నేను దగ్గర కూర్చుండి చూచితిని గనుక కొంత విస్తరించి వ్రాయుదును. మొదట మేస్త్రీ ఏ పనిముట్టును పట్టలేదు. చిన్న సుత్తి పిడితో తలుపును, నేలరేకును, తొట్టిని అంగుళమంగుళము తట్టుచు చెవి యొగ్గి వినెను. గట్టిరేకు కంచమువలె మ్రోగును. తిన్న రేకు మూగదై పోవును. మూగచోట్ల సుద్దతో గీతలు గీసెను. తరువాత లోపలి రబ్బరుపరుపులను, గుడ్డలను, బ్యాటరీపళ్లెమును విప్పించెను. బ్యాటరీ ఆమ్లము చిందిన మేర రేకు జల్లెడయై యుండెను. బురదనంతయు కడిగి రెండు దినములు ఎండకు వదలిన పిదప గాని గీకుట ఆరంభింపలేదు. పొరలుపొరలుగా లేచు ముదురు తుప్పును ఉలితోను గీకుడుబిళ్లతోను ఊడ్చిరి. పిమ్మట వైరు బ్రష్షు. గ్రైండరును మాత్రము మేస్త్రీ తన శిష్యుల చేతికి ఈయలేదు. ఏలయన, పలుచని రేకుపై గ్రైండరు నిలిచినచో తుప్పుతోపాటు మంచి ఇనుమునుగూడ తినివేయును, వేడికి రేకు వంకరలు పోవును. ఇసుకను గాలితో చిమ్మి తుప్పును రాల్చు పద్ధతి త్వరితమైనదే గాని, బాడీ రేకులకు అది తగదు, రేకు అలలుపడును. ఆ యిసుకధూళి మనుష్యుల ఊపిరితిత్తులను రాయిచేయును గనుకనే బ్రిటనులో ఆ పనికి ఇసుకను వాడుట ఏడు దశాబ్దములకు పూర్వమే నిషేధించిరి.

గీకుడు ముగిసిన తరువాత మిగులునవి సూదిమొనవంటి గుంటలు. వానిలోని తుప్పును ఏ కుంచెయు తీయజాలదు. ఇక్కడనే చాలమంది మరుగుదొడ్లు కడుగు యాసిడ్ సీసాను తెచ్చి పోయుదురు. అది క్షణములో రేకును తెల్లచేయును, చూచువారికి వింతగొలుపును. కాని హైడ్రోక్లోరిక్ ఆమ్లము వదలిపోవు లవణములు మడతలలో నక్కియుండి, రంగు వేసిన ఆరు మాసములకే తుప్పును ద్విగుణముగా మొలిపించును. దానికి మారుగా ఫాస్ఫారిక్ ఆమ్లమును పూయవలెను. అది తుప్పును కరగించుటతోపాటు ఇనుముపై ఫాస్ఫేటు పొరను ఏర్పరచి రంగునకు పట్టు నిచ్చును. విడదీయగల చిన్న భాగములకు, అనగా కొక్కెములకు, తలుపు బందులకు, చాకలిసోడా నీటిలో ముంచి బ్యాటరీ చార్జరు ఋణధ్రువమును వానికి, ధనధ్రువమును ఒక పాత ఇనుపముక్కకు తగిలించి రాత్రియంతయు ఉంచు పద్ధతి మిక్కిలి సాధువైనది. ఆ సమయమున హైడ్రోజను వాయువు పుట్టును గనుక ఆరుబయట చేయవలెను. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలును ఎన్నడును కట్టరాదు, నీటిలో విషక్రోమియము చేరును.

గుంటలకు మరియొక ఉపాయము కలదు. దానిని చెప్పుటలో నాకు ప్రత్యేకమైన ఆనందము. అంగడిలో తుప్పును మార్చు ద్రావకములని సీసాలలో అమ్మువానిలో అనేకములకు మూలము టానిక్ ఆమ్లము. అది తుప్పుతో కలిసి నీట కరగని నల్లని పదార్థమగును. ఈ రసాయనము తెలుగువారికి క్రొత్తది కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములకొలది నానవేసి కసిమి యను రసమును తీయుదురు. కరక్కాయపొడి కలిపిన పాలలో తడిపి ఆరవేసిన గుడ్డపై కలముతో ఆ రసమును తాకించినంతనే గీత నల్లబడును. కరక్కాయలోనున్నదియు ఆ టానినే. మన చేలగట్లపై పూచు తంగేడు బెరడులోనున్నదియు, తోళ్లు పదునుచేయువారు తరతరములుగా వాడుకొన్నదియు అదే. కరక్కాయపొడిని చిక్కగా కాచి వడపోసిన కషాయమును మా బండి నేలరేకు గుంటలపై కుంచెతో రెండుసార్లు పూయగా, ఎఱ్ఱగానున్న గుంటలు ఒక పూటలో నీలినలుపు తేలినవి. అది రేకును తిరిగి పుట్టింపదు, కొట్టుకొనిపోయిన బలమును తెచ్చిపెట్టదు. గీకుటకు బదులు కాదు, గీకిన తరువాతి పని. అంతమాత్రమునకు అది నమ్మదగినది.

తిన్నచోటును ఏమి చేయవలెను? కోయవలెను. సుద్దగీతకు రెండంగుళములు ఆవల, మంచి ఇనుము తగులువరకు కోయవలెను. ఈ కోత దగ్గర యజమాని గుండె జంకును, నాకును జంకినది; గుప్పెడంత రంధ్రమనుకొన్నది మూరెడు గవాక్షమగును. దానికి సరిపోవు ముక్కను అదే మందముగల క్రొత్త రేకునుండి కత్తిరించి, ఇసుకసంచిపై సుత్తితో మెల్లగా కొట్టి పాత వంపును దానికి నేర్పవలెను. పిమ్మట వెల్డింగు, అదియు ఒక గీతగా కాదు, ఇచట నొక చుక్క, అచట నొక చుక్క, నడుమ చల్లారుటకు వ్యవధి, లేనిచో వేడికి రేకు ముడుతలు పడిపోవును. మా తలుపు అడుగంచున జేనెడు వెడల్పున ముక్కను అతుకుటకు మేస్త్రీకి ఒక దినమంతయు పట్టినది; మధ్యాహ్నము ఆయన సుత్తి దించి, తడిగుడ్డను కాలిన రేకుపై అద్దుచు, ఎవరితోను మాటలాడక కూర్చున్న ఆ గంటసేపు చూచినపుడు, ఈ విద్యను మనము ఎంత తక్కువ వెలకు కొనుచున్నామో నాకు స్ఫురించి సిగ్గు కలిగినది. ముక్క అతికిన సాయంత్రమే, పొద్దు గూకకమునుపే, రెడాక్సైడు పూసిరి. బోసిరేకును రాత్రి మంచున వదలినచో తెల్లవారునప్పటికి పసుపుపచ్చని పొర తేలును. లోపలివైపును, చేయి చొరనిచోటను, సన్నని గొట్టముతో మైనపునూనె చిమ్మిరి. అటుపిమ్మట గదా రంగు!

ఈ శ్రమ యంతయు ఒక పాత బరువుబండికి ఏల, తుక్కునకు వేసి క్రొత్తది కొనరాదా యని పలువురు అడిగిరి. పొగ గ్రక్కు బండ్లను, బ్రేకులు నిలువని బండ్లను దారులనుండి తొలగింపవలెనని 2021 ఆగస్టులో కేంద్రము ప్రారంభించిన తుక్కు విధానముతో నాకు విరోధము లేదు; ప్రాణము బండికన్న గొప్పది. అయితే ఆ సంవత్సరము జులైలోనే వెలువడిన మరియొక నియమావళి, యాభై యేండ్లు నిండి, చాసిస్సు గాని బాడీ గాని ఇంజను గాని మారక మూలరూపముతో నిలిచిన, వ్యాపారమునకు వాడని వాహనములకు వింటేజ్ అను గౌరవమును, నంబరులో వి.ఎ. అను అక్షరములను ప్రసాదించినది. చౌమహల్లా ప్రాసాదమున నిజాము వారి పసుపుపచ్చని రోల్స్ రాయిస్‌ను మనము కన్నులార చూచుచున్నాము, ఉండవలసినదే. కాని జహీరాబాదు కూలీలు బిగించిన ట్రక్కు, తాండూరు బండలను హైదరాబాదు ఇండ్ల నేలలకు చేర్చిన ట్రక్కు, యాభై యేండ్లు నిండువరకు బ్రతుకుటయే దుర్లభము. బరువుబండ్లకు ముప్పది యేండ్లకే ఆ గుర్తింపు లభించునట్లు నియమమును సవరింపవలెనని నేను కోరుచున్నాను. బాడీ మూలరూపమే అర్హత యగునపుడు, పుట్టీతో మూయబడిన తుప్పు ఆ అర్హతను లోలోపలనే హరించుచున్నదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతకన్న ముఖ్యమైన కోరిక ఇంకొకటి. పందొమ్మిదవ శతాబ్ది మొదటి పాదమున హెన్రీ వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు నేటి నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమునకు పోయి, అచటి కమ్మరులు మూసలలో కరగించు ఉక్కును కొనుటకై పారసీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి కాచుకొనియుండుటను చూచి వ్రాసెను. ఇనుమును ఎరిగిన నేల యిది. నేడు ఆ యెరుక తాండూరు షెడ్డులలో అరువదేండ్లు దాటిన నలుగురైదుగురు మేస్త్రీల చేతులలో నున్నది. వారి శిష్యులు పుట్టీ పూయుటను మూడు నెలలలో నేర్చి వేరు షెడ్డులు పెట్టుకొనుచున్నారు, సుత్తితో వంపు తీయుటకు కావలసిన మూడేండ్లు వారికెవరును ఈయరు. ఐ.టి.ఐ. పాఠ్యక్రమములో వాహనముల బాడీ మరమ్మతునకు ఒక సంవత్సరపు కోర్సు దేశములో ఏర్పడియే యున్నది. 2024లో తెలంగాణ రాష్ట్రప్రభుత్వము 65 ఐ.టి.ఐ.లను 2,324 కోట్ల రూపాయల వ్యయముతో ఆధునిక శిక్షణాకేంద్రములుగా మార్చుటకు పూనుకొన్నది. రోబోలను, విద్యుద్వాహనములను నేర్పుట అవశ్యకర్తవ్యము. విద్యుద్వాహనమునకును బాడీ రేకుదే గదా! వికారాబాదు జిల్లాలో ఒక్క చోట, ఒక్క తరగతిలో, ఈ వృద్ధ మేస్త్రీలను గౌరవ వేతనముతో పిలిచి సుత్తిని, రేకును, నిప్పును పిల్లల చేతికి అందింపజేయుడని అధికారులను ప్రార్థించుచున్నాను.

పాత బండి కలిగిన పాఠకులకు నా మనవి స్వల్పము. షెడ్డుకు బండిని తోలినపుడు ఎన్ని దినములు పట్టునని అడిగి, ఆ దినములకు కూలి యిండు. రంగు వేయకముందు బోసిరేకును నాకు చూపవలెనని చెప్పుడు. తలుపు అడుగంచున నీరు జారుటకు కంపెనీవారు ఉంచిన రంధ్రములు మూడో నాలుగో ఉండును. అవి నేడు బురదతో మూసుకొనిపోయి యుండును. సన్నని తీగ యొకటి తీసికొని, ఈ వారములోనే, వానిని తెరవుడు.